పేర్లు రాసిన రోజు

హేమ్లికి కాగితమంటే నమ్మకం. తిరుమలాయపాలెం పక్క తండాలో పుట్టిన మనిషికి ఉండదా మరి! లిస్టులో పేరెక్కితేనే రేషన్ కార్డు, పేరెక్కితేనే ఇల్లు. పేరు లేనివాడు బతికున్నా లేనట్టే లెక్క.

మొగుడు గోప్యా లారీ డ్రైవరు. ఎయిడ్స్‌తో పోయాడు. ఆ వెనకే ఏడాది నిండని కూతురు సోని అదే జబ్బుతో పోయింది. నొప్పుల వేళ తల్లికి ఒక గోలీ, పుట్టిన వెంటనే బిడ్డకు నాలుగు చుక్కలు పడితే చాలావరకు బిడ్డ బయటపడుతుందని ఆమెకు చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. అంతా అయిపోయాక తెలిసింది. ఆ కడుపుకోతతోనే భద్రాచలంలో ఒక సంస్థలో, ఎయిడ్స్ గురించి ఊరూరా తిరిగి చెప్పే పనికి చేరింది.

2007లో చర్ల అవతలి అడవిలో ఒక గూడెం ఆమెకు అప్పగించారు. ఛత్తీస్‌గఢ్‌లో నక్సలైట్ల వేట పేరుతో ఊళ్లు తగలబెడితే పారిపోయి వచ్చిన ముప్పై కోయ కుటుంబాలు అవి. ఆఫీసువాళ్లు ఇచ్చిన బొమ్మల పుస్తకంలో పుర్రె, లారీ, లాడ్జి. లాడ్జి మొహమే ఎరగనివాళ్లకు లాడ్జి బొమ్మ! పైగా ఆడామగా కలిపి కూర్చోబెట్టి చెప్పమన్నారు. మొదటి మీటింగులో ఆడవాళ్లు తల ఎత్తలేదు, మగవాళ్లు లేచిపోయారు.

హేమ్లి ఆ పుస్తకాన్ని అటకెక్కించింది. గూడేనికి ఎడంగా ఒక చిన్న గుడిసె ఉంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు అక్కడే ఉంటారు, మగవాడు ఆ ఛాయలకు రాడు. కోయ, తెలుగు రెండు భాషలూ వచ్చిన పక్క ఊరి జంపక్కను వెంటబెట్టుకుని అక్కడికి పోయి కూర్చుంది. గోప్యా సంగతి, సోని సంగతి దాచకుండా చెప్పుకుని ఏడ్చింది. మూడు నెలలకు వాళ్లూ నోరు విప్పారు. బోర్లు వేసే లారీ మీద ఊళ్లు తిరిగి పనిచేసి వచ్చిన ఒకడి పెళ్లాం ఉంగి, నిండు మనిషి, రక్తపరీక్షకు వచ్చింది. జబ్బు ఉందని తేలింది.

"నా బిడ్డ బతుకుతదా?" అని జంపక్క చేత అడిగించింది.

"దవాఖానాకొచ్చి కను. నా సోనికి దొరకని మందు నీ బిడ్డకు ఏపిస్త," అంది హేమ్లి. ఉంగి సరేనని తలూపింది.

ఇక ఉంగిని ఆసుపత్రికి తేవడానికి జీపు కావాలి. "లిస్టు లేంది జీపు శాంక్షన్ కాదమ్మా. ఇంటింటి పేర్లు తీస్కరా," అన్నాడు సంస్థ మేనేజరు అనిల్‌కుమార్. హేమ్లికి అందులో తప్పేమీ కనబడలేదు సరికదా, సంబరపడింది. ఆరోజు జంపక్కకు జ్వరం. పేర్లకు దుబాసీ ఎందుకులే అనుకుని ఒక్కతే వెళ్లి, ముసలివాళ్ల నుంచి చంటిపిల్లల దాకా, ఇంటిపేరుతో, వదిలొచ్చిన ఊరి పేరుతో సహా గుండ్రటి అక్షరాల్లో రాసుకుంది. ఎవరూ కాదనలేదు. ఉంగి మాత్రం తన పేరు ఎక్కడుందో సైగలతో అడిగి, అక్కడ వేలు పెట్టి చాలాసేపు చూసింది.

ఎనిమిదో రోజు జీపు తీసుకుని, జంపక్కతో కలిసి వెళ్లింది. గూడెంలో మనిషి లేడు. కుండలు లేవు, కోళ్లు లేవు. పొయ్యిల్లో బూడిద చల్లారి ఉంది.

"ఏం జేసినవ్ చెల్లె?"

"ఏం జెయ్యలే అక్కా. పేర్లు రాసిన, గంతే."

జంపక్క అక్కడే కూలబడింది. "ఆడ ఈళ్ల ఊర్ల గూడ ముందు పేర్లే రాసుకపోయిండ్రు. నాలుగొద్దులకు ఊరు తగలవెట్టిండ్రు. రాసిన పేర్లల్ల ఉంగి తోడవుట్టిన అన్న పేరు మొదటిదంట."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. హేమ్లి గుండెలు బాదుకుంది. తన బిడ్డను తెలియక పోగొట్టుకుంది, ఈ బిడ్డను అన్నీ తెలిసి పోగొడుతోంది. ఉంగికి నేడో రేపో నొప్పులు వస్తాయి. డాక్టరమ్మ ఇచ్చిన గోలీ, చుక్కల సీసా సంచిలో ఉన్నాయి. అడవి అంచుకు పరుగెత్తి, గొంతెత్తి "ఉం..." అనబోయింది.

జంపక్క వచ్చి ఆమె నోరు మూసింది. "పేరు వెట్టి పిలువకు చెల్లె. ఇంటే ఇంక లోపల్కి పోతరు."

పేరు పెట్టకుండా మనిషిని ఎట్లా పిలవాలో హేమ్లికి తెలియలేదు. సీసా గుప్పిట్లో పట్టుకుని, పొద్దు వాలేదాకా ఆ చెట్లకేసి చూస్తూ నిలబడింది.