పొక్కులు లేచిన తలుపులు

సునీత అంటే నాకు ప్రాణం. సునీతను తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. రెండూ నిజమే. "తిడితే తిట్టు, ఏడిస్తే ఏడువు, రెండూ ఒకేసారి చెయ్యొద్దు" అంటాడు మా ఆయన ఎహసాన్. ఆయనకేం, ముందుగదిలో దుకాణం చూసుకునే మనిషి. ఆ పిల్లతో గోడ పంచుకున్నదాన్ని నేను.

మాది కడప. ఒమాన్ వచ్చి షినాస్‌లో స్థిరపడ్డాం. నేను ఆడవాళ్ళ బట్టలు కుడతాను, ఆయన అమ్ముతాడు. మా ఇల్లు, పక్కనున్న రెండు గదులు, రెంటికీ కలిపి ఒకే వాకిలి, వెనక ఎండిపోయిన ఖర్జూరపు తోట, అన్నీ ఖల్ఫాన్ అనే ఒమానీ ఆయనవి. అందరూ ఆయన్ని అర్బాబ్ అంటారు, అంటే యజమాని. ఆ పక్క గదుల్లో నర్సింగ్ ఉండేవాడు. జగిత్యాల దగ్గరి పల్లె మనిషి. రోడ్డు మీది ఒక గ్యారేజీలో బండ్ల సొట్టలు తీసి రంగు వేసే పని. అతని చేతిలో పడ్డ బండికి దెబ్బ ఎక్కడ తగిలిందో తర్వాత ఓనరు కూడా చెప్పలేడు. మాటలు తక్కువ. కోపమూ తక్కువే, రంగు విషయంలో తప్ప.

అతని పెళ్ళాం సునీత. పెళ్ళయిన కొద్ది రోజులకే మొగుడు విమానం ఎక్కాడు. ఆ తర్వాత ఆమె కాపురమంతా అతని సెలవుల్లోనే నడిచింది. మిగతా కాలమంతా ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టింది. పిల్లలేరీ అని ఊళ్ళో ఎవరో ఒకరు అడగని రోజు లేదట.

"మొగడు దేశంల లేకపాయె, పిల్లలు యాడికెళ్ళి వస్తరక్కా? గా మాట మొఖం మీదనే అందామనిపించేది. అనలే" అని చెప్పి నవ్వింది ఒకసారి. నాకు మాత్రం నవ్వు రాలేదు.

చివరికి నర్సింగ్ జీతం పెరిగి, ఫ్యామిలీ వీసా దొరికి, ఆమె ఇక్కడికొచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున్నే చీపురు పట్టింది. వాకిలి ఊడ్చి, తోట బావి నీళ్ళు బకెట్టుతో తెచ్చి చల్లి, ముగ్గు పెట్టింది. మా వైపు కల్లాపి అంటాం, వాళ్ళు సాన్పి అంటారు.

"ఏమ్మే, ఈ ఇసకలో ఎవరొస్తారని ఈ సింగారం?" అన్నాను.

"సాన్పి సల్లకుంట పొయ్యి ఎట్ల ముట్టిస్తరక్కా?" అంది, నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు. ఆ రోజు మొదలు ఒక్క పొద్దు తప్పలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో కూడా లేచి చల్లింది. వద్దన్నందుకు నా మీదే విసుక్కుంది.

ఇద్దరూ బాగానే ఉన్నారు. సాయంత్రం డ్యూటీ దిగి అతను వస్తుంటే, రోడ్డు మీద అతని చెప్పుల చప్పుడు ఏది, పక్కవాళ్ళది ఏది అని ఈమెకు తెలిసిపోయేది. అట్లాంటి రోజుల్లో గ్యారేజీ మూసేస్తున్నామని యజమాని చెప్పేశాడు. గడువు లోపల ఇంకో చోట కుదురుకోవాలి. కుదిరే పనులున్నాయి, కాకపోతే అన్నీ కూలి పనులే. వాటిలో మగవాడికి క్యాంపులో ఒక మంచం ఇస్తారు, పెళ్ళానికి వీసా ఇవ్వరు. అంటే సునీత వెనక్కి పోవాలి, మళ్ళీ ఆ చాట ముందు కూర్చోవాలి. ఆమెకు అన్నం దిగడం మానేసింది. నేను చేసిన బిర్యానీ కూడా కెలికి వదిలేసిందంటే చూడండి.

అప్పుడొచ్చాడు ఖల్ఫాన్. ఆయన తండ్రి వయసులో ఉండగా కువైట్‌లో పనిచేసి కొనుక్కొచ్చిన పాత అమెరికా బండి ఒకటి తోటలో రేకుల కింద పడి ఉంది. మస్టాంగ్. ముందు గుర్రం బొమ్మ ఉంటుందే, అది. పొడుగాటి ముక్కు, రెండే తలుపులు, ఇంజన్ ఆన్ చేస్తే వీధి మొత్తం వినపడేదట. ఇప్పుడు తుప్పు పట్టి, కోళ్ళు గుడ్లు పెట్టే చోటయింది. దాన్ని చూపించి ఖల్ఫాన్ నర్సింగ్‌తో హిందీలో అన్నాడు.

"ఇంజన్ సంగతి నేను చూసుకుంటాను. ఒళ్ళు నువ్వు బాగుచెయ్యి. మా బాబా దీన్ని తెచ్చినప్పుడు ఎట్లా ఉందో అట్లా కావాలి. నీ పని నచ్చితే రోడ్డు మీద నేనే గ్యారేజీ తెరుస్తాను. నువ్వే ఉస్తాద్. నీ వీసా కాగితం, నీ భార్యది, రెండూ నా పూచీ."

నచ్చకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

బండిని తోసుకొచ్చి మా వాకిట్లో పెట్టారు. నా పాత దుప్పట్లన్నీ కలిపి కుట్టి చుట్టూ డేరాలాగా కట్టి ఇచ్చాను. ఇక చూడాలి వాళ్ళిద్దరినీ. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి కాళ్ళయినా కడుక్కోకుండా బండి దగ్గర కూర్చునేవాడు. పగలంతా సునీత పాత రంగు గీకేది, తుప్పు రుద్దేది. అతను పుట్టీ పెడితే ఆమె ఎమరీ కాగితంతో నున్నగా అరగదీసేది. ఆమె చెయ్యి సామాన్యమైన చెయ్యి కాదు. బీడీ చుట్టి చుట్టి వేళ్ళ చివర్లకు అట్లాంటి పనితనం వచ్చేసింది. కళ్ళు మూసుకుని బానెట్ మీద అరచెయ్యి జరుపుతూ, "గీడ జర ఎత్తుంది" అనేది. నర్సింగ్ లైటు పెట్టి చూస్తే నిజంగానే ఉండేది. "నీ చెయ్యి ముందుగాలే దొరికుంటే నాకు గిన్నేండ్లు కండ్లు పోయేటియి గావు" అన్నాడొకసారి. మొగుడు పొగిడితే ఆ పిల్ల మొహం చూడాల్సిందే.

ఒకసారి మాత్రం తలకు నూనె రాసుకున్న చేత్తో ప్రైమర్ పూసిన రేకును ముట్టుకుంది. ప్రైమర్ అంటే రంగుకు ముందు వేసే బూడిద రంగు పూత. నర్సింగ్ చేతిలోని స్ప్రే గన్ నేలకేసి కొట్టాడు. "నూనె వద్దు, చెమట వద్దు, బావి నీళ్ళు వద్దు, ఎన్నిసార్లు జెప్పాలె? కడిగేది తాగే నీళ్ళతోనే." అంతటితో వదిలేశాడు. కానీ ఆమెకు ఆ చప్పుడు చెవుల్లో ఉండిపోయింది. ఆ తర్వాత బండిని ముట్టుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునేది.

ఎర్ర రంగు వేసే రోజు వచ్చింది. నర్సింగ్ కంప్రెసర్ తేవడానికి పోయాడు. పొద్దున్నే గాలి, దుమ్ము. రంగు తడి మీద దుమ్ము పడితే అంతా పోయినట్టే. సునీత ఆ రోజు సాన్పి ఇంకాస్త ఎక్కువే చల్లింది, దుమ్ము అణగాలని, శుభమని. డేరా లోపలికి పోయి బండి చుట్టూ, చక్రాల వరకూ చల్లింది. బండి ముందు చిన్న ముగ్గు కూడా వేసింది. నీళ్ళు తలుపుల కింది అంచుల మీద చిట్లితే పొడిగుడ్డతో తుడిచేసింది. బావి నీళ్ళతో బండిని కడగొద్దన్నాడు మొగుడు, ఆమె కడగలేదు. సాన్పి చల్లింది. ఆ రెండూ ఒకటేనని ఆమెకు తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచీ చేసే పనిలో తప్పుంటుందని ఎవరికి మాత్రం తోస్తుంది?

రంగు దివ్యంగా కుదిరింది. ఎహసాన్ దుకాణం మూసి మరీ వచ్చి చూశాడు. సునీత ఆ ఎరుపులో తన మొహం చూసుకుని సిగ్గుపడింది. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి చూస్తానని ఖల్ఫాన్ కబురు పెట్టాడు. ఆ శుక్రవారం ఆయనకు కుదరలేదు, తర్వాతి వారాలూ కుదరలేదు. ఈలోపు సముద్రం మీంచి ఉక్క పట్టింది. గోడలు కూడా చెమర్చాయి.

ఒక పొద్దున తలుపుల కింది భాగంలో పొక్కులు లేచాయి. ఆవగింజంత, మినపగింజంత. రెండు తలుపుల మీదా. మిగతా బండి మీద ఎక్కడా లేవు.

నర్సింగ్ పనికిరాని రేకు ముక్కల మీద రంగు కొట్టి కొట్టి చూసుకున్నాడు. మధ్యలో ఆపి, కుడిచెయ్యి చాపి పట్టుకుని దానివైపే చూస్తుండేవాడు. గ్యారేజీ మూత సంగతి తెలిసినప్పటి నుంచి నిద్ర లేదు కదా, చెయ్యి కాస్త వణికేది. దుకాణంలోకి వచ్చి ఎహసాన్‌తో, "చెయ్యి పోయింది భాయ్. ఇన్నేండ్ల పని. ఇట్ల ఎన్నడూ కాలే" అన్నాడట. ఎహసాన్ వచ్చి నాకు చెప్పాడు. 

అప్పటికే సునీత నా దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆ పొక్కులు కింద నుంచి ఎంత ఎత్తు వరకు లేచాయో చూడగానే ఆమెకు తెలిసిపోయింది. బకెట్టులోంచి చెయ్యి విదిలిస్తే నీళ్ళు ఎంత ఎత్తుకు చిట్లుతాయో ఆమెకు తెలియనిదా?

"పోయి చెప్పు మే. ఇప్పుడే చెప్పు. ఆ మనిషి తన చెయ్యి పోయిందనుకుంటున్నాడు" అన్నాను.

"ఏ మొఖం పెట్టుకొని జెప్పాలక్కా? బావి నీళ్ళు వద్దని నెత్తి నోరు కొట్టుకొని జెప్పిండు. అర్బాబ్ వచ్చి సూసిపోనీ. ఆయన కండ్లవడకపోతే గండం తప్పినట్టే. గది అయినంక ఈయనకు జెప్త."

"నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను."

నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టు" అంది. నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. అన్నీ విన్నది కానీ కదల్లేదు. గోడకు అటు ఆమె, గోడకు ఇటు నేను, ఇద్దరం ఖల్ఫాన్ ఈసారి తప్పక వస్తానన్న శుక్రవారం దాకా ఊపిరి బిగబట్టుకుని బతికాం. గురువారం నర్సింగ్ రంగులో కలిపే థిన్నర్ తెస్తానని పక్క టౌను సోహార్ పోయాడు. వచ్చాడు కానీ చేతిలో థిన్నర్ లేదు. దొరకలేదన్నాడు.

శుక్రవారం ఖల్ఫాన్ వచ్చాడు. మడమల దాకా జారే తెల్లటి దిష్‌దాషాలో బండి చుట్టూ మెల్లగా తిరిగాడు. పైకప్పు నిమిరాడు. బానెట్ నిమిరాడు. సునీత గుమ్మంలో, నేను ఆమె వెనక నిలబడ్డాం. ఆయన తలుపు దగ్గర వంగాడు.

"ఇదేమిటి?"

నర్సింగ్ ముందుకొచ్చాడు. "పని ఖరాబైంది అర్బాబ్. పెయింట్ తప్పు కాదు, బండి తప్పు కాదు. నా చెయ్యి పోయింది. ఇగ నాతోని కాదు."

సునీత గుమ్మం దిగింది. వచ్చీరాని హిందీ, మధ్యలో తెలుగు. "ఆయన చెయ్యి మంచిగనే ఉంది. నేను నీళ్ళు సల్లిన. గా బావి నీళ్ళు. పెయింట్ ఏసే రోజు." ఎట్లా చల్లిందో చేత్తో చూపించింది. పొక్కుల దగ్గర వేలు పెట్టి, నీళ్ళు అంతవరకు చిట్లాయని చూపించింది. నర్సింగ్ వంగి ఆమె వేలు పెట్టిన చోట చూశాడు.

ఖల్ఫాన్ తాళంచెవి కొసతో ఒక పొక్కును చిదిపాడు. నీటిచుక్క వచ్చింది. దాన్ని వేలికి తీసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు. వెనక మోడులైన తోటవైపు చూశాడు. "మా తోటను చంపింది ఈ నీళ్ళే. బండిని వదులుతాయా?" లేచి చేతులు దులుపుకున్నాడు. "తలుపులే కదా. గీకేసి మళ్ళీ వెయ్యి. మిగతాది చూశాను, నాకు వేరే ఉస్తాద్ అక్కర్లేదు. ఆదివారం ఇద్దరి కాగితాలూ పట్టుకురా."

నేను అల్హమ్దులిల్లా అనుకున్నాను. సునీత రెండు చేతులతో మొహం కప్పుకుంది. నర్సింగ్ మాత్రం బండి చక్రానికి ఆనుకుని కిందే కూలబడ్డాడు.

"నిన్న సంతకం పెట్టిన అర్బాబ్."

సోహార్ పోయింది థిన్నర్ కోసం కాదు, ఆ సంతకానికి. దేశానికి ఆ చివరనున్న రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పని. రెండేళ్ళ ఒప్పందం, క్యాంపులో మంచం.

"ఈ ఒక్క రోజు ఎందుకు ఆగలేదు?" అన్నాడు ఖల్ఫాన్.

"చెయ్యి పోయిన పెయింటర్‌ను మీరేం చేసుకుంటరు? లోడింగ్‌కయితే చెయ్యి వణికినా నడుస్తది."

ఖల్ఫాన్ మంచివాడు. అప్పటికప్పుడు ఫోన్లు చేశాడు, తర్వాత తనే బండేసుకుని సోహార్ పోయి వచ్చాడు. ఆ కంపెనీవాళ్ళు వదలలేదు. ఒప్పందం ముగిశాక రా, గ్యారేజీ ఉంటే ఉంటుంది, అని నర్సింగ్ భుజం తట్టాడు. అంతకుమించి ఆయన చేతుల్లోనూ ఏమీ లేదు.

పోయేలోపు ఆ తలుపులు మళ్ళీ చేశారు ఇద్దరూ. ఆమె గీకింది, అరగదీసింది. అతను రంగు కొట్టాడు. ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు, నేను దగ్గరుండి చూశాను. ఇద్దరి మధ్యా పనికి సంబంధించిన మాటలే. లైటు ఇటు పట్టు, పేపర్ ఇయ్యి, ఇగ సాలు.

అతను రైసూత్ బస్సెక్కిన మర్నాడు ఈమెను ఎయిర్‌పోర్టుకు తీసుకుపోవడానికి ట్యాక్సీ వచ్చింది. పెట్టె ఎక్కించాక నా చేతులు పట్టుకుంది. ఈసారి ఏడవలేదు. నేనే ఏడుస్తూ, తిడుతూ, రెండూ ఒకేసారి చేస్తూ నిలబడ్డాను.

"తిడతడని భయపడి జెప్పకపోతినక్కా" అంది. "ఒక్క మాట కూడ అనలే. బస్సు ఎక్కేదాంక సూసిన, ఏమన్న అంటడేమోనని. బువ్వ టైముకు తిను అన్నడు, గంతే."