పడమటి పలకలు

పెరడంతా సిమెంటు చేయిస్తానని మా అబ్బాయి శివరాత్రి మరునాడు ప్రకటించాడు. మార్కాపురంలో మా వీధిలో అప్పటికే అందరి పెరళ్లూ సిమెంటు అయిపోయాయి. మాదొక్కటే మట్టి. వాన పడితే బండి చక్రాలు దిగబడతాయనీ, ఎండాకాలం దుమ్మంతా ఇంట్లోకి వస్తుందనీ వాడి బాధ. అందులో అబద్ధమేమీ లేదు.

"దాంట్లో ఏం కాస్తుండాదని అమ్మా? పోయిన యాడాదంతా నువ్వు కోసింది మూడు వంకాయలు."

"నాలుగు," అన్నాను. "ఒకటి పుచ్చింది."

మజ్జిగ తాగుతున్న మా ఆయనకు పొరబోయింది. "పుచ్చింది గూడ లెక్కలోకి వస్తాదిరా మీ అమ్మకు!"

వస్తుంది మరి. ఊరగాయ జాడీకి మూత కట్టిన తేదీ, గ్యాస్ బండ మార్చిన తేదీ, పాలవాడు రాని తేదీ, అన్నీ నా దగ్గర ఉంటాయి. కానీ ఆ పెరడు లెక్కల కోసం కాదు. కాఫీ కూడా తాగకుండా పొద్దున్నే పోయి ఏ పాదులో ఏం మొలిచిందో వంగి చూడటంతోనే నాకు రోజు మొదలవుతుంది. అక్కడ సిమెంటు పోస్తే లేచి ఎటు పోవాలి?

అందుకే పంతం పట్టాను. "మృగశిర కార్తె వచ్చేలోపల ఒక వారం దినాలు అంగట్లో కూరగాయ కొనకుండ ఈ ఇల్లు గడిపి చూపిస్తా. గడిస్తే పెరడు జోలికి రావద్దు."

"గడవకుంటే?"

"మేస్త్రికి నేనే ఫోన్ చేస్తా."

వంటింటి గడపలో నుంచి కోడలు తల బయటపెట్టింది. "ఉల్లిగడ్డలు కొనుక్కోవచ్చా అత్తా?"

ఉల్లిగడ్డలు, మిరపకాయలు, చింతపండు లెక్కలోకి రావనీ, రోజూ ఇంటిల్లిపాదికీ సరిపడా కూర మాత్రం పెరటి కూరగాయతోనే వండాలనీ అక్కడికక్కడే తేల్చుకున్నాం.

మట్టికి లోటు లేదు, లోటంతా నీళ్లకే. మాకు కుళాయి దినం విడిచి దినం వస్తుంది. బియ్యం కడిగినవీ, గిన్నెలు కడిగినవీ బకెట్లలో పట్టి పోసినా మధ్యాహ్నానికి మట్టి మళ్లీ తెల్లబడుతుంది. దానికి ఉపాయం మా ఆయన చెప్పారు. పని మానేదాకా ఆయన పలకల కార్ఖానాలోనే చేశారు. అక్కడ విరిగిన పలక ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి. నాలుగు గోతాల నిండా ఆటోలో వేయించుకొచ్చారు.

"పాదు చుట్టూ పలక పరిస్తే కింద తడి యాడికీ పోదు. పలక సంగతి నాకు తెల్వదా?"

పరిచాం. నేను తాడు కట్టి, వంకర లేకుండా, సందు లేకుండా పరిచాను. ప్రతి పాదు దగ్గరా ఒక ముక్క మీద బలపంతో విత్తనం పేరూ, పెట్టిన తేదీ రాశాను. నీళ్లు పోసినప్పుడల్లా అది చెరిగిపోయేది. మళ్లీ రాసేదాన్ని. "ఇంకా ఒకటో తరగతేనా?" అని మా ఆయన పలకరించేవారు.

చలి పూర్తిగా పోని రోజులవి. పొద్దున పలక ఎత్తి చూస్తే కింద నల్లటి తడి, అందులో వానపాములు. బెండ, గోరుచిక్కుడు, సొర, దోస అన్నీ లేచాయి. నాలుగో ఆకు వేసిన దోస పాదును చూసి నేను అబ్బాయి వంక చూశాను. వాడు బండి తుడుచుకుంటూ చూడనట్టు నటించాడు.

ఉగాది దాటింది. ఎండ ముదిరింది. మధ్యాహ్నమయ్యేసరికి మొక్కలు మెడలు వాల్చేవి. ఇంకా నీళ్లు పోశాం. ఇంకా వాలాయి. విత్తనం మంచిది కాదని ఆయనా, ఆయన నీళ్లు పోసే తీరు మంచిది కాదని నేనూ రెండు రోజులు వాదించుకున్నాం. ఈలోగా సగం పాదులు ఎండిపోయాయి.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం కోడలు కరివేపాకు కోసుకొస్తానని చెప్పుల్లేకుండా పెరట్లోకి దిగి, కేక పెట్టి వెనక్కి దూకింది.

"అత్తా! మామా! ఇది పెరడా, పెనమా? మీరిద్దరూ కలిసి మొక్కల్ని వేపుడు చేస్తుండారు!"

మా ఆయన పోయి పలక మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశారు. "పలక నల్లది గదా," అన్నారు అరచెయ్యి ఊదుకుంటూ. ఎప్పుడూ షెడ్డు నీడలోనే పలక పట్టుకున్న మనిషి, అది ఎండలో ఎంత కాలుతుందో చూడలేదు.

"పలక సంగతి నీకు తెల్వందేముంది," అన్నాను.

"నువ్వు తాడు కట్టి పరిచినందుకే ఇంత కాలింది. నేనైతే వంకరటింకరగా పరిచేవాణ్ణి, సందుల్లో గాలాడేది."

కోడలు కాలికి వెన్న రాసుకుంటూ మా ఇద్దరినీ చూసి నవ్వింది.

సాయంత్రం పలకలన్నీ పీకి గోతాల్లో వేస్తుంటే ఒకటి నా కంట పడింది. ఎలా జరిగిందో, ఒక ముక్క పాదుకు పడమటి వైపు రాయికి ఆనుకుని నిలబడి ఉంది. దాని నీడలో ఉన్న బెండ మొక్క ఒక్కటే తల వాల్చలేదు. ఆయనను పిలిచి చూపించాను. దీపాలు పెట్టే వేళకు ప్రతి పాదుకూ పడమట ఒక పలకను మట్టిలో దిగేసి నిలబెట్టాం. నేల మీద పలక బదులు వేరుశనగ పొట్టు పరిచాం. ఎండిన చోట కొత్త విత్తనాలు పెట్టి, తేదీలు మళ్లీ రాశాను. నిలబడ్డ పలక మీద నీళ్లు పడవు కనుక ఇక చెరగవు.

పొద్దున అబ్బాయి పళ్లు తోముకుంటూ వచ్చి అలాగే నిలబడిపోయాడు. "ఇదేంది నాయనా, మొక్కలకు సమాధులు కట్టినారా? పేరు రాసి తేదీ గూడ వేసినారే!"

ఆ సమాధుల చాటునే అన్నీ బతికాయి. మధ్యాహ్నం ఎండ పలకలకు తగిలి ఆగిపోయేది. బెండకాయలు కోస్తే చేతులు దురద పెట్టేవి, ఆ దురద కూడా నాకు ముద్దుగానే ఉండేది. సొర తీగ గోడెక్కింది. దోస పాదు పలకలు దాటి పాకింది.

మృగశిరకు ముందు వారం పందెం మొదలుపెట్టాం. ఐదు రోజులు హాయిగా గడిచాయి. ఆరో రోజు పొద్దున్నే గిద్దలూరు నుంచి మా పెద్దాడబిడ్డ బస్సు దిగి వచ్చింది, వెంట కొడుకూ కోడలూ. ఆ పొద్దున నా చేతిలో ఉన్నవి ఏడు బెండకాయలు. సొరకాయలు ఇంకా పిందెలే.

అబ్బాయి బండి తాళం వేలికి తిప్పుతూ వచ్చాడు. "బజారు నుంచి ఏం తెమ్మంటావు అమ్మా?"

"ఏం వద్దు. నిమ్మకాయలు చెట్టుకుండాయి, పులిహోర కలుపుతా," అంది కోడలు.

"నిమ్మకాయ కూరగాయా?"

అందరూ నా వంక చూశారు. కాదన్నాను. దొంగలెక్కతో గెలిస్తే రేపటి నుంచి ఆ మట్టిలోకి ఏ ముఖంతో దిగుతాను? మేస్త్రి నంబరు ఎవరి దగ్గర ఉందో అడగబోతున్నాను.

ఈలోగా కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయిన ఆడబిడ్డ, ప్రహరీ పక్కన నిలబడి కేకేసింది. "ఏమ్మే మరదలా! ఈ పలక వెనక పచ్చకుండ దాచిపెట్టినావేంది?"

పరుగెత్తాను. పలకకూ గోడకూ మధ్య దోసకాయ, నా రెండు చేతుల్లో పట్టనంతది, పండు పసుపు. మేమంతా రోజూ ఇంటి వైపు నుంచే చూస్తాం. ఆ పక్కకు ఎవరం పోలేదు.

కానీ దోసకాయను రుచి చూడందే నమ్మకూడదు. చేదైతే అంతా పారబోయాల్సిందే. కోడలు ముక్క కోసి నా చేతికిచ్చింది. తాళం తిప్పడం ఆపి అబ్బాయి కూడా నా నోటి వంకే చూస్తున్నాడు. నమిలాను.

"పుల్లగుండాది," అన్నాను. అంతే, మా ఆయన చప్పట్లు కొట్టారు.

దోసకాయ పప్పు, గింజలతో సహా పచ్చడి, నెయ్యి. ఏడుగురం తిన్నాం. "అల్లుడా, మీ ఇంటి దోసకాయ మా గిద్దలూరులో యాడా దొరకదు," అంది ఆడబిడ్డ. మా వాడు మూడోసారి పప్పు వడ్డించుకుంటూ తల ఊపాడు, ఎత్తి మాత్రం చూడలేదు.

మర్నాడు బెండకాయ పులుసుతో వారం పూర్తయింది. మేస్త్రికి వాడే ఫోన్ చేశాడు. గేటు నుంచి మెట్ల దాకా, బండి నిలిపేంత మేర చాలన్నాడు. మిగతాదేం చేస్తారని మేస్త్రి అడిగినట్టున్నాడు. "ఆ పక్క మాయమ్మది," అన్నాడు.

మృగశిర మొదటి వాన తర్వాత పొద్దున్నే వంగి చూస్తే, చివర కొత్త పాదు ఒకటి కనబడింది. నేను పెట్టింది కాదు, ముందురోజు వాన వెలిసేసరికి అది అక్కడ లేదు. పడమట పలక ముక్క నిలబెట్టి ఉంది, కొంచెం వంకరగా. మీద మా వాడి రాతలో 'దోస', కింద తేదీ. ఆ తేదీ ఒక రోజు తప్పు.

వేలు తడిచేసి చెరిపి, సరిగ్గా రాశాను. పలక మాత్రం అలాగే వంకరగా ఉంచాను.