డాక్టరమ్మ చెయ్యి చూసిన మా నాయన

మా నాయనకు పెద్దపేగులో గడ్డ ఉంది. ఆ భాగం కోసి తీసేయాలి. ఆపరేషన్ ఎలా చేస్తారో తెలుసుకుందామని పొద్దున్నే పామిడిలో బస్సెక్కించి అనంతపురం తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ కాగితం మీద పొట్ట బొమ్మ గీసి రెండు పద్ధతులు చెప్పారు. ఒకదాంట్లో నాలుగు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాలో చూస్తూ పనిముట్లతోనే అంతా చేస్తారట. రెండోదాంట్లో కెమెరాతో పాటు కాస్త పెద్ద కోత పెట్టి, ఒక చెయ్యి కూడా లోపలికి పోనిస్తారట. నాకు మొదటిదే నచ్చింది.

గడ్డ సంగతి తెలిసిన ఈ రెండు వారాలుగా సరిగ్గా మాట్లాడని నాయన అప్పుడు నోరు విప్పాడు.

"కోసిన పేగు యాడ్నుంచి బయటికి తీస్తావమ్మా? ఆ బెజ్జంలో పట్టదు గదా?"

"పట్టదు. చివర్లో ఒక రంధ్రాన్ని పెద్దది చేస్తాం."

"ఎట్లాగూ కోసేదే గదా! ముందే కోసి చెయ్యి పెట్టు. తడిమి చూస్తే నీకూ ధైర్యం, నాకూ ధైర్యం."

"మీకు రెండూ పనికొస్తాయి పెద్దాయనా. మీ ఇష్టం" అని ఆమె నవ్వారు.

"అయితే నీ చెయ్యి ఒకసారి చూపీమ్మా."

ఆమె పెన్ను పక్కన పెట్టి చెయ్యి చాపారు. శెనక్కాయ చెట్లు పీకి పీకి కాయలు కాసిన తన అరచెయ్యి పక్కన పెట్టి, నాయన కొలిచి చూశాడు.

"చిన్న చెయ్యే. ఏం కాదు, పెట్టుకో!"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. నేనూ నవ్వాను, చాలా రోజులకు.

ఆపరేషన్ గురువారం. డిగ్రీలు చూసి డాక్టర్ని ఎంచుకున్నది నేను. చెయ్యి చూసి ఒప్పుకున్నది ఆయన. తిరుగు బస్సులో హాయిగా నిద్రపోయింది మాత్రం ఆయనే. మీరైతే ఏం చూసి ఒప్పుకుంటారు?