రెండు తీర్ల పరిగెలు

ఇన్నేండ్లుగా దీన్ని మోస్తున్న. పనిలవడితే మర్చిపోత, చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకోంగనే మళ్ల యాదికొస్తది. మా ఇంట్ల కూడా చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్పగలుగుతున్ననేమో.

గోదావరిఖనిల మా క్వార్టర్ల వెనక బొగ్గు తీసి వదిలేసిన పాత ఓపెన్‌కాస్టు గుంత ఉండె. వాన నీళ్లు నిండి పెద్ద చెరువైంది. మేం పుట్టకముందు గోదారి వరద అందుల దాకా వచ్చిందట. ఆ నీళ్లతోని కొట్టుకొచ్చిన పరిగెలనే చిన్న చేపలు అక్కడనే చిక్కుకున్నయి. బయటికి పోయే తొవ్వ లేదు.

లలితది మా పక్క క్వార్టరు. కలిసి పెరిగినం, కలిసి డిగ్రీ చదివినం. తర్వాత నన్ను ఇంట్ల ఉండుమన్నరు. ఆమె ఎమ్మెస్సీకి కరీంనగర్ పోయింది. ఆదివారం వచ్చిందంటే ఇద్దరం గుంత కాడనే. రాజేశం కాక అని అక్కడ చేపలు పట్టేటాయన ఉండె. ట్యూబుల మీద కట్టెలు కట్టిన తెప్ప ఆయనది. లలితను దాని మీద కూసోవెట్టుకొని నడిమి దాకా తిప్పేటోడు. ఒడ్డు మీద మా అమ్మ చేసిన సర్వపిండి ముగ్గురం తినేటోళ్లం. అవతలి గనిల బ్లాస్టింగ్ అయితే నీళ్లు సన్నగ వణికేటియి. అంత సంబురం మళ్ల నాకు ఎక్కడ దొరికింది?

పరిగెలు రెండు తీర్లు అయినయని కనిపెట్టింది లలితనే. ఒడ్డు పొంట నాచుల తిరిగేటియి మందం పెదవులతోని, నత్తలు ఏరుకొని తినేటట్టు ఉండె. నడిమి నీళ్లల్లవి సన్నగ, మూతి పైకి తిరిగి ఉండె. వచ్చినప్పుడు అన్నీ ఒక్కతీరువే. తిండిని బట్టి, తావును బట్టి తరం తరానికి వేరైతున్నయని చెప్పేది. ఇంకా వేరే జాతులు కాలేదు, తొవ్వ వట్టినయి అంతే అనేది. పెద్ద సరస్సులల్ల వందల రకాల చేపలు ఇట్లనే పుట్టినయట. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె కండ్లు చూడాలె.

ఒకనాడు, ఎమ్మెస్సీ అయినంక ఈ పరిగెల మీదనే హైదరాబాద్‌ల పరిశోధన చేస్తనని చెప్పింది. ఐదారేండ్లు రానని నవ్వింది. నేను కూడా నవ్విన.

ఆ వారంలనే మా మేనమామ చేపల కుంట కాడికి పోయిన. బకెట్ నిండ తిలాపియా పిల్లలు తెచ్చిన. పట్టపగలు, ఒడ్డున ఎవ్వరూ లేని టైంల గుంతల గుమ్మరించిన. అవి వేరే చేపల గుడ్లు, పిల్లలు తిని నీళ్లన్నీ ఆక్రమిస్తయని నాకు తెల్వదా? తెలుసు. ఇద్దరం ఒక్క పుస్తకమే చదివినం.

రెండో వానకాలానికి ఒడ్డు పరిగెలు లేవు. తర్వాత నడిమివి కూడా లేకుంట అయినయి. కాక వల నిండ తిలాపియానే. లలిత ఆ వలంతా కలెదిప్పి చూసింది, ఒక్క పరిగె లేదు.

"అమ్ముకునేందుకు నువ్వే ఏసినవ్ కదా కాక?"

"నేనెందుకు ఏస్త బిడ్డా? నిన్ను తెప్ప మీద తిప్పినోన్ని." కాక నా దిక్కు తిరిగిండు. "నువ్వన్న చెప్పు బిడ్డా. వారమంతా నువ్వు ఈడనే తిరుగుతవు గదా. నేను ఏసుడు ఎప్పుడన్న చూసినవా?"

"నాకేం తెలుసు కాక," అన్న.

అంతే. ఒక్క మాట. చూడలేదని చెప్తే కూడా ఆయన బయటపడేటోడు. అది కూడా చెప్పలే. బకెట్ గుమ్మరించిన దానికంటే ఆ మాటనే పెద్ద తప్పా? ఎన్నిసార్లు అడుక్కున్ననో నన్ను నేను.

కాక మళ్ల గుంత కాడికి రాలే. ఆయనే ఏసిండని లలిత అందరికి చెప్పింది, బస్తీల ఆయన చేపలు కొనుడు బందు వెట్టిన్రు. కూలికి పోయిండు. కొన్నేండ్లకు చనిపోయిండు. పరిగెలు లేనంక లలిత హైదరాబాద్ పోలే. బీఎడ్ చేసి నస్పూర్‌ల టీచరైంది. నేను కోరుకున్నదే అయింది. ఇన్నేండ్లు సెలవు దొరికితే మా ఇంటికే వచ్చింది. నా పెండ్లికి, నా పురుళ్లకు, మా నాయిన దవాఖానల ఉన్నప్పుడు, అన్నిటికి ఆమెనే. ఆ ప్రేమంతా నేను ఏ మొకం పెట్టుకొని తీసుకున్న?

పోయిన నెల ఫోన్ల లలితకు చెప్పేసిన. తిలాపియా వేసింది నేనే అని. "కాకకు చెప్పినవా?" అని అడిగింది. చెప్పలే అన్న. "ఎందుకు చేసినవే?" అన్నది. యాదికి లేదన్న. పెట్టేసింది. అప్పటి సంది ఫోన్ లేదు, రాలేదు.

యాదికి లేకపోవుడేంది? అంతా ఉంది. ఆమె పోవద్దని చేసిన. నేను ఈడ ఒక్కదాన్నే మిగిలిపోత అని భయపడి చేసిన. ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పిన. క్షమించుమని మిమ్మల్ని అడుగుత లేను, అది మీ చేతుల లేదు. కానీ ఇది రాసినంక గుండె మీదికెళ్లి ఏదో బరువు దిగింది. ఆ మాట చెప్పుకునేందుకు కూడా సిగ్గుగనే ఉంది.