ఆకురాయి పెట్టిన రికార్డు

జర్మనీ నుంచి తెప్పించుకున్న ఎలక్ట్రానిక్ మ్యూజిక్ రికార్డు కోదాడలో మా ఇంట్లో ప్లేయర్ మీద పెట్టగానే, ప్రతి చుట్టుకూ స్వరం ఊగింది. అంతకుముందు ఇట్లాగే ఊగిన నాలుగింటిని, కంపెనీని తిట్టి మరీ వాపసు పంపాను. ఈసారి కంపెనీకి రాస్తే జవాబే రాలేదు. మిర్యాలగూడలో ఒకప్పుడు పెళ్లిళ్లకు మైక్‌సెట్ పెట్టిన ముసలాయన దుకాణానికి తీసుకెళ్లాను.

ఆయన రికార్డును ఒళ్లో పెట్టుకుని, నడిమి రంధ్రంలోకి ఆకురాయి దూర్చి బరబరా రాకాడు. ఆపబోయి చెయ్యి చాపాను. లుంగీ మీద నల్లటి పొడి రాలింది.

"పాట మంచిగనే ఉంది సారూ, బొక్కనే జర పక్కకు కొట్టిండ్రు."

తన పాత ప్లేయర్ మీద పెట్టి, పెద్దదైన రంధ్రంలో వేలితో కొంచెం నడిమికి జరిపి, ముల్లు దించాడు. స్వరం నిలబడింది.

"గిట్లాంటియి వస్తే మీరేం జేస్తరు?" అని అడిగాడు.

వాపసు పంపిన ఆ నాలుగింటి సంగతి ఆయనకు చెప్పలేదు.