తల ఊపేదాకా ఆగిన వాదన

ఆ అమ్మాయి మొదటి వాక్యం చక్కగా చెప్పింది. చెప్పి ఆగింది.

నేను గది బయట మెట్ల మీద కూర్చుని వింటున్నాను. లోపల ఇంకెవరూ ఉండకూడదన్నది ఇంటర్వ్యూ పెట్టిన కాలేజీ వాళ్ళ షరతు. పప్పు డబ్బాకు ఆనించిన ఫోనులో ముగ్గురు పరీక్షకులు. నెట్‌వర్క్ సరిగా లేదంటూ మొదట్లోనే ముగ్గురూ కెమెరాలు ఆపేశారు. మాట్లాడటానికి మూడు నిమిషాలిచ్చారు. అంటురోగం రోజుల్లో కార్ఖానాలు తెరవాలా వద్దా అన్నది విషయం. తెరవాలి, అయితే పనివాణ్ణి అడిగి తెరవాలి అని ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది. ఆపైన చెప్పవలసిన కారణాలు, ఒక ఉదాహరణ, అవతలివాళ్ళు అనబోయే మాటకు జవాబు, అన్నీ ఆమెకు వచ్చు. నెలల తరబడి అలాంటివి విన్నవాణ్ణి నేనే.

లోపల చప్పుడు లేదు. పక్క సందులోని మగ్గాల మోత ఒక్కటే వినిపిస్తోంది. కాసేపటికి ఆమె అదే వాక్యాన్ని వేరే మాటల్లో చెప్పింది. మళ్ళీ ఆగింది. మూడోసారి ఇంకా తేలిక మాటల్లో, కొంచెం గట్టిగా చెప్పింది. దీనికి కారణమేమైనా చెప్పగలవా అని ఒక గొంతు అడిగింది. చెప్పగలను సార్ అంది. అని, ఆగింది.

"థాంక్యూ. చాలు" అన్నది ఆ గొంతు.

ఆమె బయటికొచ్చి మెట్టు మీద నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. "ఒక్కలు గూడ తలూపలే పెద్దబాపూ," అంది. "ఇంటున్నరో లేదో ఎట్ల తెలుస్తది మరి?"

జరిగిందేమిటో నాకు అప్పుడు అర్థమైంది. ముందే అర్థం కావలసింది.

నేను సూరత్‌కు వచ్చింది రెండు వారాలకని. కరీంనగర్‌లో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి రిటైరయ్యాక, గోడాదరాలో ఉన్న తమ్ముడి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాను. అంతలో లాక్‌డౌన్ పడింది. మేడ మీది గది నాకిచ్చారు. ఆ తర్వాత రైళ్ళు నడిచినా, ఇదిగో అదుగో అనుకుంటూ రెండేళ్ళు అక్కడే ఉండిపోయాను. కింది వాటాలో ఈ అమ్మాయి, తల్లి, తండ్రి ఉండేవారు. మాది ఒకటే కులం, ఒకటే తాలూకా. చుట్టరికమేమీ లేకపోయినా తండ్రి నన్ను అన్నా అనేవాడు, కాబట్టి పిల్లకు నేను పెద్దబాపునయ్యాను. తల్లి బావా అనేది. ఆమె ఇంట్లోనే చీరలకు రాళ్ళు అతికించే పని చేసేది. జిగురు ఆరకముందే మాట తెగాలన్నట్టు టకటకా మాట్లాడేది.

తండ్రి లింబాయత్‌లోని ఒక షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా మగ్గాలు నడిపాడు. ఆ మోతలో మాట వినపడదు. పనివాళ్ళు ఒకరి నోరు ఒకరు చూసి, చేతి సైగలు చూసి పని చేసుకుంటారు. కండె అయిపోయిందంటే ఒక సైగ, పోగు తెగిందంటే ఇంకొకటి, సేటు వస్తున్నాడంటే మరొకటి. అట్లా ఏళ్ళు గడిచేసరికి అతనికి షెడ్డు బయట కూడా వినపడటం తగ్గిపోయింది. తగ్గిందని ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కూడా రాలేదు, ఎదుటివాళ్ళ పెదవులు కనిపిస్తే చాలు అతనికి.

ఆ ఇంట్లో మాట్లాడటానికి ఒక పద్ధతి ఉండేది. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడాలి. ఒక్క మాట చెప్పాలి. అతను తల ఊపేదాకా ఆగాలి. ఊపితే రెండో మాట. ఊపకపోతే మొదటిదే ఇంకో తీరుగా, ఇంకా తేలిగ్గా చెప్పాలి. ఆ పిల్ల మాటలు నేర్చింది ఇట్లా. అందరితోనూ అట్లాగే మాట్లాడేది. పత్రికలో పొడుగాటి వాక్యాలు కత్తిరించడంతోనే జీవితం గడిచినవాణ్ణి కాబట్టి నాకది ముచ్చటగా ఉండేది. నీ అంత పొందిగ్గా మా రిపోర్టర్లు కూడా రాసేవారు కాదని ఒకసారి మెచ్చుకున్నాను కూడా.

మాస్కులు వచ్చాక అతనికి లోకం మూసుకుపోయింది. కూరగాయల బండివాడు అడిగినా, సేటు అడిగినా హా అని తల ఊపేవాడు. వినపడలేదని ఒప్పుకోవడం కన్నా అది సులువు. లాక్‌డౌన్ తర్వాత షెడ్డు తెరిచిన రోజు మేనేజర్ మాస్కు వేసుకుని అందర్నీ వరసగా నిలబెట్టి ఏదో అడిగాడట. ఇతను తల ఊపాడు. మర్నాడు పనికి పోతే అతని మగ్గాల దగ్గర ఇంకొకడున్నాడు. ఊరికి పోతావా, నీ మగ్గాలు వేరేవాడికి ఇవ్వనా అన్నదే ఆ ప్రశ్న అని అప్పుడు తెలిసింది.

కూతురు షెడ్డుకు వెళ్ళింది. తండ్రి దేనికీ ఒప్పుకోలేదని మేనేజర్‌కు హిందీలో చెప్పింది. నలుగురి ముందర తల ఊపాడు కదా, ఇంకేం కావాలి అన్నాడతను. మాస్కు తీసి అడగాల్సింది అంటే, మాస్కు తీస్తే కేసు పెడతారు, నువ్వు కడతావా జరిమానా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె తిరిగొచ్చింది.

"ఆయన చెప్పింది తప్పని తెలుసు పెద్దబాపూ. యాడ తప్పో చెప్పరాలే," అంది నాతో. ఎంతసేపు మగ్గాల సంగతి మాట్లాడినా మళ్ళీ మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చింది.

ఆమె అప్పటికి పన్నెండో తరగతి అయ్యి ఖాళీగా ఉంది. ఎనిమిది దాకా తెలుగులో, తర్వాత హిందీలో చదివింది. లా చదువుతానంది. దూరపు ఊళ్ళో ఒక కాలేజీ, మార్కులు బాగుండి ఇంటర్వ్యూలో నెగ్గినవాళ్ళకు కొన్ని సీట్లు ఫీజు లేకుండా ఇస్తుందని ఫోనులో తనే వెతికి పట్టుకుంది. ఇంటర్వ్యూలో వాదించడం చూస్తారు, ఇంగ్లీషులో. అది రాకపోతే తల్లి పక్కన కూర్చుని రాళ్ళు అతికించడమే. ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమెకు పెట్టవలసిన జిగురు గిన్నె మాత్రం గూట్లో సిద్ధంగా ఉండేది.

రోజూ పొద్దున నా గదికి వచ్చేది. చీర మడతల్లో పెట్టే అట్టముక్కలు తెచ్చి, ఒక్కో అట్ట మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసుకునేది. క్లెయిమ్, ఎవిడెన్స్, ప్రెమిస్, ఇన్ఫరెన్స్, కన్సీడ్, రెఫ్యూట్. నా ఉద్యోగంలో ఈ మాటలన్నీ ఏజెన్సీ వార్తల్లో నా ముందు నుంచి పోయినవే. ఫలానావారు వాదించారు, ఖండించారు, ఒప్పుకున్నారు అని తెలుగు చేసి కిందికి పంపేవాణ్ణి. నేను మాత్రం ఎవరితోనూ ఏదీ వాదించి గెలిచినవాణ్ణి కాను. అది ఆమెకు చెప్పలేదు.

డిక్షనరీ అర్థాలు ఆమెకు పట్టేవి కావు. మేనేజర్ సంగతి పెట్టి చెబితే పట్టేవి. తల ఊపడం అందరూ చూసిందే, అది ఎవిడెన్స్. దాన్నిబట్టి ఒప్పుకున్నాడు అనుకోవడం ఇన్ఫరెన్స్. తల ఊపాడంటే విన్నట్టే అనే నమ్మకం ఆ రెంటికీ నడుమ పైకి చెప్పకుండా దాగి ఉంది, అది ప్రెమిస్. కొట్టవలసింది దాన్ని.

ఆమె ప్రెమిస్ అట్టను తీసి మిగతావాటి మీద పెట్టింది. "మత్లబ్, నేను బాపు ఒప్పుకోలేదని కొట్లాడిన," అంది. "గది కాదు కొట్లాడాల్సింది."

కన్సీడ్ అనే మాట మాత్రం ఆమెకు నచ్చలేదు. అవతలివాడి మాటలో నిజమున్నంత మేర ఒప్పుకుని, ఆపైన మనది చెప్పాలన్నాను. ఒప్పుకునుడు గూడ కొట్లాటేనా, గట్లయితే మా బాపు అందరికన్నా పెద్ద వకీలు అంది. ఇద్దరం నవ్వాం. డినై అంటే కాదనడం, రెఫ్యూట్ అంటే ఎందుకు కాదో చూపడం అని, పత్రికల వాళ్ళు కూడా ఆ రెంటినీ కలిపేస్తారని చెప్పాను. రెఫ్యూట్ అట్ట మీద కింద చిన్న అక్షరాలతో 'మేనేజర్‌ది డినై' అని రాసుకుంది.

వానాకాలం వచ్చేసరికి ఆమె ఏ విషయమిచ్చినా మూడు నిమిషాలు మాట్లాడేది. ఒక వాక్యం, ఒక విరామం, ఇంకో వాక్యం. కిటికీ దగ్గర తను, తలుపు దగ్గర నేను, ఇద్దరికీ మాస్కులు. నేను వింటూ తల ఊపేవాణ్ణి. ఊపుతున్నానని నాకు తెలియదు. ఆమె నా తల చూసే రెండో వాక్యంలోకి అడుగు పెడుతోందనీ తెలియదు. ఒక్కసారి గోడ వైపు తిరిగి మాట్లాడమన్నా, నేను లేచి బయటికి పోయినా తెలిసేది. ఎంతమంది చెప్పింది ఎంత శ్రద్ధగా విని రాశానో! ఈ ఒక్కటి గమనించలేదు.

మూడు నల్లటి గడులు తల ఊపవు కదా.

ఆ సాయంత్రం తండ్రి అడిగితే ఫోను కట్టయిపోయిందని చెప్పింది. ఎదురుగా నిలబడి, మాస్కు తీసి, ఒక్క వాక్యం. అతను తల ఊపాడు. నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ, మళ్ళీ పిలుస్తారులే అన్నాడు. తల్లి నమ్మలేదు. రాళ్ళు అతికిస్తూ తలెత్తకుండా, "ఇంగ్లీషు మాటలు నేర్పుతనని మీ పెద్దబాపు ఉన్న మాటలు గూడ గుంజుకున్నడేందే?" అంది. నాకు వినపడేట్టే అంది. మర్నాడు చాయ్ మాత్రం ఎప్పటిలాగే పంపింది.

సీటు రాలేదన్న మెయిల్ పదిరోజులకు వచ్చింది. దాని చివర, అభ్యంతరముంటే పదిహేను రోజుల్లో రాయవచ్చని ఉంది. ఇద్దరం కూర్చుని రాశాం. నిజానికి ఆమే రాసింది, నేను కామాలు సరిచేశాను. ఇంత బలంగా రాసిన కాగితం నా డెస్కుకు ఎప్పుడూ రాలేదు. మూడు నిమిషాలూ ఎందుకు ఆగిందో, ఇంట్లో తండ్రితో ఎట్లా మాట్లాడుతుందో, మొహాలు కనబడకపోతే ఏమవుతుందో, ఒకదాని వెంట ఒకటి పెట్టింది. రెండో అవకాశం ఇవ్వమని అడిగింది. చదివి చూసుకుంది. తర్వాత తండ్రి సంగతి ఉన్న పేరా మొత్తం కొట్టేసింది.

అది తీసేస్తే మిగతాదానికి కాళ్ళుండవని చెప్పాను.

"బాపుకు ఇనపడదని బాపే ఎవ్వలకు చెప్పలే," అంది. "నేను కాయితం మీద రాసి ఇయ్యాల్నా?"

కాలేజీ వాళ్ళు దాన్ని ఎవరికీ చూపరన్నాను. తండ్రికి తెలిసే వీలే లేదన్నాను. అవతలివాళ్ళకు చూపడానికి మనకున్న ఒకే ఒక కారణం అదే, అది లేకపోతే మిగిలేది వట్టి క్లెయిమ్ అన్నాను. నేను నేర్పిన మాటలన్నీ నాకే పనికొచ్చాయి. ఆమె ఓపిగ్గా విన్నది. నేను ఆగిన చోటల్లా తల ఊపింది కూడా. అది ఒప్పుకోవడం కాదని, విన్నానని మాత్రమే అని నాకిప్పుడు తెలుసు. చివరికి పేరా లేకుండానే మెయిల్ పంపింది. ఎదుట ఎవరూ కనబడక తడబడ్డాను, ఇంకో అవకాశం ఇవ్వండి అన్నంత వరకే మిగిలింది. అందిందని, ఒక అర్జీ నెంబరుతో ఆ రోజే జవాబు వచ్చింది. అది యంత్రం పంపేది.

మరుసటి వారం నుంచి ఆమె తల్లి పక్కన కూర్చుంది. అట్టముక్కలు చీరల మడతల్లోకి వెళ్ళిపోయాయి. అక్షరాలున్న వైపు లోపలికి పెట్టి మడిచేది. ఎవరింట్లోనో ఆ చీర విప్పితే రెఫ్యూట్ అని కనబడుతుంది కాబోలు.

కొన్నాళ్ళకు తండ్రికి ఇంకో షెడ్డులో పని దొరికింది, తక్కువ మగ్గాలు, రాత్రి పాళీ. ఆ సంతోషంలో ఒక ఆదివారం మమ్మల్నందర్నీ డుమస్ తీసుకుపోయాడు. సముద్రం చాలా దూరం వెనక్కి పోయి నల్ల బురద తేలి ఉంది. ఆడవాళ్ళు టమాటా బజ్జీల బండి దగ్గర నిలబడ్డారు. అతను నన్ను పక్కకు తీసుకుపోయి, మాస్కు తియ్యమని సైగ చేశాడు. తీశాను.

"అన్నా, ఆ దినం బిడ్డ మంచిగనే మాట్లాడిందా? ఫోను కట్టయ్యే ముందట?"

నా మొహం వైపే చూస్తున్నాడు. అబద్ధమాడటానికి కూడా పెదవులు కదపాలి, అతని ముందు ఆ పని నా వల్ల కాలేదు. తల ఊపాను. అతను తృప్తిగా నా భుజం తట్టి బజ్జీల బండి వైపు నడిచాడు.

నేను కరీంనగర్ తిరిగి వచ్చి చాలాకాలమైంది. ఆమె అర్జీ నెంబరు నా డైరీలో ఉంది. ఎప్పుడైనా ఆ కాలేజీ సైట్ తెరిచి నెంబరు కొడతాను. పరిశీలనలో ఉంది అని వస్తుంది.