ముద్ర ఉంటే పెన్సిలిన్

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, 1949 చలికాలంలో, సికింద్రాబాదులోని ఒక సర్కారు ఆసుపత్రిలో నన్ను ప్రయోగశాల సహాయకుడిగా వేశారు. తాత్కాలిక ఉద్యోగం. సూక్ష్మదర్శిని ఒకటి, రంగు సీసాలు నాలుగు, నా మీద పెత్తనం చెయ్యడానికి ఆరుగురు. అందరి పైన మద్రాసు వైపు నుంచి కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు గారు. మంచి హస్తవాసి ఉన్న డాక్టరే, కాదనను. కానీ తనకు తెలియనిదొకటి ఉందని ఒప్పుకోవడమంటే ఆయనకు ప్రాణసంకటం.

ఆయనకు తెలియనిది ఉర్దూ. మా ఆసుపత్రి కాగితాలు నిజాం కాలం నుంచీ ఉర్దూలోనే నడిచేవి. ప్రభుత్వం మారింది గానీ ఫారాలు మారలేదు. నేను చదివింది ఉర్దూ బడిలో, పరీక్షల చీటీలు రాసేదీ ఉర్దూలోనే. వాటిలో ఏముందని ఆయన ఒక్కనాడూ అడగలేదు. ప్రయోగశాల ముద్ర పడిందో లేదో చూసి, కింద సంతకం గీకేసేవారు.

అప్పట్లో పెన్సిలిన్ కొత్తగా వెలిసిన దేవుడు. సీసాలు తాళం వేసిన బీరువాలో ఉండేవి. ప్రయోగశాల చీటీ లేనిదే ఇవ్వకూడదు. ఎందుకంటే ఆ మందు పని చేసేది బాక్టీరియా మీద, అందులోనూ కొన్నిటి మీదే. బాక్టీరియా తనంతట తాను బతకగల ఒంటికణం జీవి. గాజుపలక మీద ఊదారంగు వేసి, అయోడిన్ పోసి, స్పిరిటుతో కడిగి చూస్తే దాని జాతి కొంత తెలుస్తుంది. వైరస్ దానికన్నా చాలా చిన్నది, మా సూక్ష్మదర్శినికి కనబడదు. మన కణాల్లోకి దూరి, వాటి చేతే తన సంతానాన్ని తయారు చేయించుకుంటుంది. జలుబు, ఫ్లూ దాని పనే. ఇక శిలీంధ్రాలంటే బూజు జాతి. తామర వాటి వల్ల వస్తుంది. పెన్సిలిన్ పుట్టిందే ఒక బూజు నుంచి, దాన్ని తెచ్చి బూజును చంపమంటే ఎక్కడ చంపుతుంది?

మా ఆసుపత్రిలో చంపమన్నారు. ఒక గుత్తేదారు గజ్జల్లో తామరతో వచ్చాడు. 'శిలీంధ్రం, పెన్సిలిన్ పనికిరాదు' అని రాసిచ్చాను. ముద్ర ఉంటే మందు ఇమ్మన్నట్టేనని సూపరింటెండెంటు గారి లెక్క కాబట్టి సంతకమూ పడింది, సూదులూ పడ్డాయి. పిరుదులు వాచాయి, తామర చెక్కుచెదరలేదు. ఆ తర్వాత జలుబు చేసిన వకీలు గారికీ అదే వైభోగం. కాంపౌండరు ఖాసిం సాబు చీటీలు చదివి, "సంతకమైనంక మనదేమున్నది బేటా!" అని పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. బయటి నుంచి వచ్చి మా నెత్తిన కూర్చున్న దొరకు తగిన శాస్తి జరుగుతోందని లోపల సంబరంగా ఉండేది. మూడు వారాలు అలాగే గడిచాయి.

అప్పుడు మెట్టుగూడ నుంచి ఎల్లయ్య అనే రైల్వే ఖలాసీ తన భార్య రాజమ్మను తీసుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, కఫం తుప్పు రంగులో పడుతోంది. పలక మీద ఊదారంగు గింజలు జంటలు జంటలుగా కనిపించాయి. న్యుమోనియా. 'వెంటనే పెన్సిలిన్ ఇవ్వాలి' అని రాసి పంపాను. గంటకల్లా ఎల్లయ్య మళ్లీ నా గుమ్మం దగ్గరున్నాడు.

"సారూ, మందున్నదంట, ఇస్తలేరు. మా ఆమెకు ఊపిరి ఆడుతలేదు. జెర మీరన్న చెప్పుండ్రి."

బీరువాలో మిగిలినవి కొద్ది సీసాలే. ప్రత్యేక గదిలో ఫ్లూతో పడుకున్న ఒక పెద్ద అధికారి కోసం వాటిని పక్కన పెట్టారు. ఆయన చీటీ ముందు రోజు నేను రాసిందే. భయపడుతూనే సూపరింటెండెంటు గారి గదికి వెళ్లాను. అధికారి తాలూకు మనుషులు అక్కడే ఉన్నారు.

"ముందొచ్చిన చీటీ ముందు. రెండింటి మీదా నీ ముద్రే కదయ్యా?" అన్నారాయన.

ముద్ర ఒకటే గానీ రాత ఒకటి కాదన్నాను. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాననీ, నన్నే చదవమనీ అన్నారు. కళ్లజోడు ఆయన ముక్కు మీదే ఉంది. రెండూ చదివాను. అధికారి చీటీలో, రోగం తెచ్చే బాక్టీరియా కనబడలేదని, పెన్సిలిన్ వల్ల ప్రయోజనం లేదని ఉంది.

ఆయన వెంటనే సీసాలు రాజమ్మకు ఇప్పించి, అందరినీ పంపించి, నన్ను ఆపారు. పాత చీటీలు కూడా ఇలాగే రాశావా అని అడిగారు. అవునన్నాను.

"మరి చెప్పవేం?"

"రాశాను కదండీ."

"నేను చదవలేనని తెలిసే రాశావు," అన్నారాయన.

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

అధికారికి వేరే మందని చెప్పి వట్టి స్వేదనజలం సూది వేశారు. అయిదో నాటికి ఫ్లూ దానంతటదే తగ్గింది. అంత బలమైన మందు జన్మలో ఎరగనని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. రాజమ్మకు మాత్రం ఉన్న సీసాలు ఒకటిన్నర రోజుకే అయిపోయాయి. తర్వాత సల్ఫా బిళ్లలతోనే నెట్టుకొచ్చారు. బతికింది గానీ, ఒక ఊపిరితిత్తి పాడయి మళ్లీ బరువు పనికి పనికిరాలేదు.

తామరకూ జలుబుకూ పోసిన సీసాలు ఉండి ఉంటే ఆమెకు పూర్తి మోతాదు అందేది. ఆ సీసాల చీటీలన్నిటిలోనూ నేను నిజమే రాశాను, ఒక్క అక్షరం తప్పు లేదు. మందు ఇచ్చేవాడికి తెలియనివ్వకుండా రాసిన నిజం రోగికి అబద్ధంతో సమానమని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను.